ఏకరూపతా సంవత్సరంలో వెనక చక్రం

జిల్లా ద్విచక్ర సంస్థ ఆ ఏడాదిని ఏకరూపతా సంవత్సరంగా ప్రకటించినప్పుడు, దానివల్ల ఎవరి ఎముకలైనా విరుగుతాయని ఎవరూ అనుకోలేదు. మొదట్లో అంతా కుర్చీలతోనే సరిపోయింది.

ఆఫీసులో కుర్చీలన్నీ ఒకే ఎత్తున ఉండాలని ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. పొడుగు కుర్చీల కాళ్లు కోశారు. కోశాక అవి మిగతావాటికంటే పొట్టివయ్యాయి గనక మిగతావాటి కాళ్లూ కోశారు. నెల తిరిగేసరికి అకౌంట్స్ సెక్షనంతా గడ్డాలు బల్లలకు ఆనించుకుని పనిచేస్తోంది. తర్వాత ఫైళ్లన్నీ ఒకే మందాన ఉండాలన్నారు. సన్న ఫైళ్లలో తెల్లకాగితాలు కలిపి కుట్టారు, లావు ఫైళ్లలోంచి అడ్డమొచ్చిన కాగితాలు తీసి పారేశారు. అలా పోయిన వాటిలో ఇద్దరి ప్రమోషన్లు కూడా ఉన్నాయట. టీలో చక్కెర అందరికీ చెంచాన్నర. షుగరు జబ్బున్న హెడ్ క్లర్కు ఆ టీ తాగి, పైన ఓ మాత్ర అదనంగా వేసుకునేవాడు. క్రమశిక్షణంటే అలా ఉండాలని జనరల్ మేనేజరు పరాంకుశరావుగారు మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత ఏకరూపత కుర్చీలు దిగి, ఆఫీసు వెనకున్న రేకుల షెడ్డులోకి నడిచింది. అక్కడ జాన్‌సైదా ఉన్నాడు.

సంస్థ పని ఏమిటంటే, కాలవగట్ల మీద ఊళ్లు తిరిగే ప్రభుత్వోద్యోగులకు సైకిళ్లిచ్చి, వాటి బాగోగులు చూడడం. కాలవ నీళ్లొదిలే లస్కర్లు, కరెంటు హెల్పర్లు, టీకాలేసే నర్సమ్మలు, అందరివీ కలిపి నాలుగొందల పన్నెండు సైకిళ్లు. ఆ గట్లు ఎంత సన్నమంటే ఎదురుగా గేదె వస్తే మనిషి దిగి నిలబడాల్సిందే. ఒక పక్క నిండు కాలవ, రెండో పక్క పొలాల్లోకి జారుడు. అలాంటి దారిలో చక్రం ఓ నాలుగంగుళాలు పక్కకు లాగితే ఏమవుతుందో చెప్పడానికి ఆడిట్ అక్కర్లేదు.

కంపెనీ నుంచి బిగించి వచ్చిన చక్రాలు ఆ గట్ల మీద మూడు నెలలకే వంకర్లు తిరిగేవి. అందుకని వెనకెప్పుడో ఉన్న ఒక మేనేజరు రిమ్ములు, హబ్బులు, స్పోకులు విడివిడిగా తెప్పించి, చక్రాలు అల్లే పని సైదాకి అప్పగించాడు. అంత తెలివైన పని చేసిన ఆ మేనేజరు పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. అప్పటినుంచి ముప్పై ఒక్క ఏళ్లుగా సైదా చక్రాలు అల్లుతూనే ఉన్నాడు.

అతను వెనక చక్రం అల్లే తీరు చూడాలి. నలభై స్పోకులు, పక్కకి ఇరవై. ఒకదాని మీంచి ఒకటి దాటించి, అన్నిటినీ ముందు వదులుగా కూర్చి, చుట్టూ తిరుగుతూ పావు చుట్టు, పావు చుట్టు చొప్పున బిగిస్తాడు. మధ్యమధ్య గోటితో మీటి చెవి ఒగ్గుతాడు. రెండేసి స్పోకుల్ని గుప్పిట పట్టి గట్టిగా నొక్కుతాడు, అవి టిక్కు టిక్కుమంటూ తమ చోట్లలో కుదురుకుంటాయి. అంతా అయ్యాక కూడా చక్రాన్ని బండికి ఎక్కించడు. మేకుకు తగిలించి మర్నాటిదాకా వదిలేస్తాడు. "చక్రం పడుకుని లేవాలండీ. ఇయ్యాల బిగించిన పుల్ల రేపు పొద్దున గాని నిజం చెప్పదు" అంటాడు. అతనికి స్పోకులంటే పుల్లలే. మర్నాడు మళ్లీ తిప్పి చూసి, ఉన్న కాస్త వంకరా తీసి అప్పుడు ఇస్తాడు. అలా ఇచ్చిన చక్రం గుంతలో పడి రిమ్ము సొట్టబోయి రావాలే తప్ప, వంకర తిరిగి వెనక్కి వచ్చింది లేదు.

ఆడిటరు త్రినాథమూర్తిగారు ప్రధాన కార్యాలయం నుంచి ఒక మీటరుతో వచ్చారు. స్పోకుకు తగిలిస్తే దాని బిగువెంతో అంకెలో చూపించే మీటరు. మంచి పరికరమే. దాని తప్పేమీ లేదు. ఆయన షెడ్డులో ఓ గంట కూర్చుని, వెనక చక్రం ఒకటి కొలిచి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొలిచారు.

"ఏమయ్యా, కుడిపక్క స్పోకులకు నూరు చూపిస్తోంది. ఎడమపక్క వాటికి డెబ్బయ్యే. ఏమిటిది?"

"వెనక చక్రం గదా సార్. అట్టాగే ఉంటది."

"అలాగే ఉంటుందంటే? కుడివాటికి ఎందుకంత ఎక్కువ ఇచ్చావు?"

"చైను తిప్పే పళ్ల చక్రం, ఫ్రీవీలు, అటుపక్కే ఉంది గదండీ. అది చోటు తినేసుద్ది. ఇప్పుడు సార్, గోడ పక్కన రాట పాతారనుకోండి. అటో తాడు, ఇటో తాడు కడతారు. గోడవైపు చోటు తక్కువ, తాడు నిటారుగా దిగుద్ది. అటు తాడు గట్టిగా లాగి కడితేనే రాట నిలబడుద్ది. రెండూ ఒకే తీరున లాగితే రాట ఇటొచ్చి పడుద్ది."

త్రినాథమూర్తిగారు రాసుకుంటూ తలెత్తారు. "ఆ గోడకి పర్మిషనుందా?"

ఆడిట్ రిపోర్టులో ఆ విషయం నూట నాలుగో పేరాగా ఇలా చేరింది: "ఒకే లోహము, ఒకే పొడవు, ఒకే హోదా గల నలుబది స్పోకులలో కుడి పార్శ్వమునకు చెందిన ఇరువదింటికి అధిక బిగువును, ఎడమ పార్శ్వమునకు చెందిన ఇరువదింటికి అల్ప బిగువును కల్పించుట గమనించడమైనది. ఈ తారతమ్యము గత ముప్పది ఒక్క సంవత్సరములుగా నిరాటంకముగా కొనసాగుచున్నది. హేతువు అడుగగా సంబంధిత ఉద్యోగి ఒక గోడను ప్రస్తావించినాడు. సదరు గోడ రికార్డులలో లేదు."

పరాంకుశరావుగారు సైదాని పిలిపించారు. కాళ్లు కోసిన కుర్చీలో ఆయన మోకాళ్లు భుజాల దాకా వచ్చాయి. అయినా ఠీవి తగ్గలేదు.

"చూడు సైదా, నువ్వు సీనియర్‌వి. నీ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ గౌరవం వేరు, పేరా వేరు. పేరాకి జవాబు చెప్పాలి. నాలుగొందల పన్నెండు వెనక చక్రాలూ నెల రోజుల్లో సమాన బిగువుకి రావాలి."

"సమానంగా బిగిస్తే చక్రం ఎడమకి జరుగుద్ది సార్. పడతారు."

"ఎవరు?"

"తొక్కేవాళ్లు సార్."

"తొక్కేవాళ్లు మన సంస్థ ఉద్యోగులా?"

"కాదు సార్. వాళ్ల డిపార్టుమెంట్లు వేరు."

"మరి?" అన్నారు పరాంకుశరావుగారు, ఆ మాటతో విషయం తేలిపోయినట్టు.

నువ్వు చెయ్యకపోతే కాంట్రాక్టుకి ఇస్తామన్నారు. కాంట్రాక్టువాడి చేతిలో పడితే ఆ చక్రాలు ఎడమకి జరగడమే కాదు, కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతాయని సైదాకి తెలుసు. ఉద్యోగం ఊడుతుందన్న భయం కూడా ఉంది. లేదని అతనెప్పుడూ చెప్పుకోలేదు. స్పోకు కీ తీసుకుని మొదటి చక్రానికి కుడిపక్క వదులు చేశాడు, ఎడమపక్క బిగించాడు. మీటరు అన్నిటికీ ఎనభై అయిదు చూపించింది. రిమ్ము పెన్సిలు మందాన ఎడమకి జరిగింది. బండికి ఎక్కిస్తే టైరు ఎడమ ఫోర్కును రాసుకుంటూ తిరిగింది.

అది చూసి సార్లు బుద్ధి తెచ్చుకుంటారని అతను అనుకున్నాడు. సార్లు చూశారు.

"చక్రం నిబంధన ప్రకారం ఉంది. ఫ్రేమే నిబంధనకి తగులుతోంది" అన్నారు త్రినాథమూర్తిగారు.

దాంతో నాలుగొందల పన్నెండు ఫ్రేముల వెనక కాళ్లు ఎడమకి వంచారు. టైరు రాసుకోవడం ఆగింది. ఇప్పుడు ముందు చక్రం ఒక దారిన, వెనక చక్రం ఒక దారిన వెళుతున్నాయి. వదిలేస్తే బండి ఎడమకి లాగుతోంది. దీనిమీద సర్క్యులరు వచ్చింది: "సైకిలు నడుపు సిబ్బంది తమ దేహమును కుడివైపునకు అయిదు డిగ్రీలు వంచి కూర్చొనవలెను." అయిదు డిగ్రీలంటే ఎంతో తెలియక లస్కర్లు తలొక తీరున వంగారు. అందుకని రెండు రోజుల శిక్షణ పెట్టారు. గోడకి కొలత గీసి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి వంచి, వంగినవాళ్లకి సర్టిఫికెట్లిచ్చారు.

వారంలో ముగ్గురు కాలవలో పడ్డారు. ముగ్గురికీ సర్టిఫికెట్లున్నాయి.

పరాంకుశరావుగారు తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. మ్యాపు తెప్పించి, రాత్రనక పగలనక ఆలోచించారు. బండి లాగేది ఎడమకి. కాలవ కుడిపక్క ఉంటే కాలవలో పడే అవకాశం లేదు, పొలంలోకే జారుతారు. పొలం మెత్తగా ఉంటుంది. ఆఫీసు నుంచి ఊళ్లకి వెళ్లేటప్పుడు కాలవ కుడిపక్కే ఉంటుంది. వచ్చేటప్పుడే వస్తుంది చిక్కంతా. కనుక వెళ్లడం సైకిలు మీద వెళ్లవచ్చుననీ, తిరిగి రావడం మాత్రం నిషిద్ధమనీ రెండో సర్క్యులరు వేశారు.

నిబంధన బాగా అమలైంది. అందరూ వెళ్లారు, ఎవరూ సైకిలు మీద రాలేదు. మూడో రోజుకి సైకిళ్లన్నీ కాలవ చివరి ఊళ్లలో చేరాయి, ఆఫీసు దగ్గర ఒక్కటి మిగల్లేదు. వాటిని పొలాల వెనక తారురోడ్డు చుట్టూ తిప్పి రోజూ సాయంత్రం అయిదింటికి వెనక్కి తేవడానికి ఒక లారీ మాట్లాడారు. లారీ చక్రాలకి స్పోకులుండవు గనక దానికి ఏకరూపత వర్తించదని ఫైల్లో ముందుజాగ్రత్తగా రాసుకున్నారు.

నర్సమ్మ సువార్తకి ఈ ఏర్పాటు కుదరలేదు. ఆమెది ఇరవై రెండేళ్ల సర్వీసు. హ్యాండిలుకి టీకాల డబ్బా తగిలించుకుని గట్టు వెంట ఆరు ఊళ్లు తిరుగుతుంది. డబ్బాలో ఐసు మధ్యాహ్నం మూడింటికల్లా కరిగిపోతుంది. ఆలోగా మిగిలిన మందు ఆస్పత్రి ఫ్రిజ్‌లోకి చేరాలి, లేకపోతే అది మందు కాదు, నీళ్లు. లారీ వచ్చేది అయిదింటికి. ఇదంతా రాసి ఆమె అర్జీ పెట్టుకుంది. మీ ఐసును అయిదింటిదాకా కరగకుండా చూసుకొనవలసినదని జవాబు వచ్చింది.

ఒక మంగళవారం ఆమె సైకిలు మీదే వెనక్కి బయల్దేరింది. కాలవ ఎడమపక్కన ఉంది. రెండు మైళ్లు కుడికి వంగి వంగి నడుం పట్టేసి, ఒక్క క్షణం తిన్నగా కూర్చుంది. బండి ఆమెతో సహా కాలవలోకి వెళ్లిపోయింది. గేదెలు కడుగుతున్నవాళ్లు బయటికి లాగారు. మెడ కింద ఎముక విరిగింది. ఆ నొప్పిలో ఆమె అడిగిన మొదటి మాట టీకాల డబ్బా ఏమైందని. అది అప్పటికే లాకుల దాకా కొట్టుకుపోయింది.

సైదాకి ఆ సాయంత్రం తెలిసింది. ఆస్పత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు.

"నీ తప్పేముంది సైదన్నా? పై నుంచి ఆర్డరొచ్చింది, బిగించావు" అంది సువార్త.

"ఆర్డరు వాళ్లది సిస్టరమ్మా. చెయ్యి నాది" అన్నాడతను. కళ్లు తుడుచుకున్నాడు. తను చెడగొడుతున్నానని తెలిసి చెడగొట్టిన చక్రాలు అతని బతుకులో అవే మొదలు.

మర్నాడు పొద్దున్నే కాలవలోంచి తీసిన ఆమె బండి షెడ్డుకు వచ్చింది. సైదా ఎవరినీ అడగలేదు. ఫ్రేము తిన్నగా కొట్టాడు. స్పోకులన్నీ ఊడదీసి, వెనక చక్రం మొదటినుంచి అల్లాడు. ఫ్రీవీలు వైపు గట్టిగా, ఇటువైపు దానికి తగినంత. మేకుకు తగిలించాడు. అది పడుకుని లేవకముందే త్రినాథమూర్తిగారు మీటరుతో వచ్చి కొలిచారు. నూరు, డెబ్బయి.

చార్జి మెమో సాయంత్రానికి తయారైంది. బుద్ధిపూర్వకంగా అసమానతకు పాల్పడ్డాడని అభియోగం. విచారణ శుక్రవారం. ముగింపు కూడా ముందే టైపు చేసి ఉంచారు: "గత ముప్పది ఒక్క సంవత్సరములుగా నేను తయారుచేసిన చక్రములన్నియు లోపభూయిష్టములని మనస్ఫూర్తిగా అంగీకరించుచున్నాను." దానికింద సంతకం పెడితే మందలింపుతో పోతుంది, నూట నాలుగో పేరా మూతపడుతుంది. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది.

విచారణకి సువార్తని సాక్షిగా పిలిచారు. బండి తిరిగి తొక్కకూడదన్న నిబంధన మీరిన వ్యక్తిగా కూడా పిలిచారు. చెయ్యి మెడకు కట్టుకుని, కాళ్లు కోసిన కుర్చీలో జాగ్రత్తగా దిగి కూర్చుంది.

"సంతకం పెట్టు సైదా" అన్నారు పరాంకుశరావుగారు.

"పెట్టను సార్. నా తీరున అల్లిన చక్రం మీద పోయి కాలవలో పడ్డోళ్లు లేరు. ఆ ఒక్కమాటే నాకున్న ఆస్తి. ఉజ్జోగం తీసేసుకోండి."

"అలాగే" అన్నారు త్రినాథమూర్తిగారు సంతోషంగా.

అప్పుడే ఫోను మోగింది. పరాంకుశరావుగారు లేచి నిలబడి మాట్లాడారు. ఫోను పెట్టి, త్రినాథమూర్తిగారిని టీ తాగి రమ్మని బయటికి పంపి, తలుపు స్వయంగా మూశారు.

"చైర్మన్‌గారు ప్రధాన కార్యాలయం నుంచి వస్తున్నారు. వచ్చే సోమవారం. ఏకరూపతా వారోత్సవాలు. గట్టు మీద రెండు వందల గజాలు సైకిలు తొక్కి ప్రారంభిస్తారట." ఆయన గొంతు తగ్గింది. "సైదా, ఒక్క బండి. ఒక్కటంటే ఒక్కటి, నీ పాత పద్ధతిలో చేసి పెట్టవయ్యా. చైర్మన్‌గారికి ఈత రాదు."

సైదాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈయనకి తెలుసు. ఏ చక్రం నిలబడుతుందో, ఏది పడేస్తుందో, మొదటినుంచీ తెలుసు. అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయేంతలో సువార్త అందుకుంది. ఇరవై రెండేళ్లుగా రిజిస్టర్లు రాసి రాసి ఆమెకి ఆఫీసు భాష వంటబట్టింది.

"చేస్తాడు సార్. ఉత్తర్వు కాగితం మీద ఇప్పించండి. ముఖ్య అతిథి వాహనాలకి సమాన బిగువూ, తిరిగి రావద్దన్న సర్క్యులరూ వర్తించవు, వాటికి మీటరు తగిలించడం మర్యాద కాదు అని. రేపు ఆడిటరుగారు చైర్మన్‌గారి బండికి మీటరు పెడితే బాగుంటదా?"

"బాగుండదు" అన్నారు పరాంకుశరావుగారు.

"మరి ఆ బండి పంక్చరైతే? స్టాండ్‌బై ఉండొద్దా?"

"ఉండాలి, ఉండాలి. ప్రోటోకాల్."

"చైర్మన్‌గారు ఏ ఊళ్లో దిగి తొక్కుతానంటారో మనకి తెలవదు గద సార్. గట్టు మీద ఏ ఊరికెళ్లినా ఒక బండి రెడీగా ఉండాల. ఎన్ని బళ్లున్నయ్యో అన్నీ రిజర్వులో పెట్టుకుంటే మీకే మంచిది. ఆయన ఈ ఏడే కాదు, ఎప్పుడైనా రావచ్చు."

పరాంకుశరావుగారు ఆమెని కొత్తగా చూశారు. ఇంత సమగ్రమైన ముందుచూపు తన సంస్థలో లేకపోయిందే అని కాస్త బాధపడ్డారు. నాలుగొందల పన్నెండు సైకిళ్లనూ ముఖ్య అతిథి రిజర్వు వాహనాలుగా ప్రకటిస్తూ అక్కడికక్కడే చిత్తుప్రతి రాశారు. సంతకం పెట్టబోయి ఆగారు.

"కానీ ఆ పేరా మూతపడకుండా ఇది బయటికి పోదు. ఆడిటరు ఒప్పుకోడు. సైదా ఆ కాగితం మీద సంతకం పెట్టాలి."

సువార్త సైదా వైపు చూడలేదు. అది తను అడగకూడనిదని ఆమెకి తెలుసు.

సైదా ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు. లోపభూయిష్టం. మనస్ఫూర్తిగా. తను పోయాక ఆఫీసులో తన గురించి మిగిలేది ఈ ఒక్క కాగితమేనని అతనికి తెలుసు. మేకుకి తగిలించి ఉన్న చక్రాలు కాగితాల్లోకి ఎక్కవు. పక్కన కూర్చున్నామె మెడ చుట్టూ కట్టుని చూశాడు. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, తనకి వచ్చినంత గుండ్రంగా సంతకం పెట్టాడు.

"ఎందుకు పెట్టావు సైదన్నా?" అంది సువార్త మెట్లు దిగుతూ.

"నాలుగొందల చిల్లర బళ్లున్నయ్యమ్మా. రోజుకి నాలుగు చేసినా నూరు రోజులు పడుద్ది. ఈళ్లతో వాదిస్తా కూర్చుంటే ఎప్పుడు మొదలుపెట్టేది?" అని అతను షెడ్డులోకి వెళ్లిపోయాడు.

సోమవారం చైర్మన్‌గారు గట్టు మీద రెండు వందల గజాలు కాదు, ఉత్సాహం పట్టలేక అరమైలు తొక్కారు. బండి గీత గీసినట్టు వెళ్లింది. దిగి, చెమట తుడుచుకుని, మైకు అందుకున్నారు. సమాన బిగువు విధానం మీద తనకి కొద్దిపాటి సందేహాలుండేవనీ, ఈ రోజు స్వయంగా తొక్కి చూశాక అవన్నీ పటాపంచలయ్యాయనీ, దీన్ని మిగతా జిల్లాలకూ విస్తరిస్తున్నామనీ ప్రకటించారు. త్రినాథమూర్తిగారికి శాలువా కప్పారు. పరాంకుశరావుగారికి పెద్ద కుర్చీ మంజూరైంది.

ఆ వర్షాకాలం గడిచేలోగా కాలవగట్ల మీద తిరిగే సైకిళ్లన్నిటికీ "ముఖ్య అతిథి వాహనం, రిజర్వు" అని బోర్డులు వచ్చాయి. వాటిని చూసి ఊళ్లలో సర్పంచులు లేచి నమస్కారాలు పెట్టేవారు. సువార్త ఎముక అతుక్కుంది. ఐసు కరిగేలోగా, మూడింటికల్లా ఆమె తిరిగి వస్తోంది.

ఏడాది చివర సైదా సర్వీసు పుస్తకంలో విచారణ వివరాలు ఎక్కించాల్సి వచ్చింది. హెడ్ క్లర్కు నిబంధన ప్రకారం గడులు గీసి, రికార్డులు చూసి, ఉన్నదున్నట్టు నింపాడు. లోపభూయిష్టమైన చక్రాలు తయారుచేసినట్టు ఉద్యోగి అంగీకరించిన కాలం: ముప్పై ఒక్క సంవత్సరాలు. ఆ కాలంలో ఆ చక్రాల వల్ల జరిగిన ప్రమాదాలు: లేవు. లోపం సరిదిద్ది, చక్రాలు నిబంధన ప్రకారం నడిచిన కాలం: రెండు నెలలు. ఆ కాలంలో జరిగిన ప్రమాదాలు: నాలుగు.

పరాంకుశరావుగారు కొత్త కుర్చీలో వెనక్కి వాలి, ఆ పేజీని పై నుంచి కింది దాకా శ్రద్ధగా చదివారు. గడులన్నీ ఒకే వెడల్పున ఉన్నాయో లేదో స్కేలుతో కొలిచారు. ఉన్నాయి. "సరిచూడబడినది" అని రాసి సంతకం పెట్టారు.